కోయని ఆకు

సెలవుల్లో ఒక పొద్దున. పుస్తకాల కొట్టులో అక్కాచెల్లెళ్లిద్దరే ఉన్నారు.

"...కొట్టు కొనే అతను పదింటికల్లా వస్తానన్నాడక్కా. తాళాలు చేతిలో పెట్టేస్తే పీడ వదిలిపోతుంది."

"కొట్టుని పట్టుకుని పీడంటావేంటే! సెలవులు కదా, రెండ్రోజులు ఆగితే జనం వస్తారు."

"వస్తారు. అట్టలు చూసి, వాన వెలిశాక పోతారు."

"నడిపిది ఉంటే అమ్మనిచ్చేదా?"

"ఉంటే కదా."

"లేదంటావా? మరి ఆ పుస్తకం?"

"ఏ పుస్తకం?"

"తెలీనట్టు అడక్కు. అచ్చులోంచి ఆకులు అంచుల దగ్గర విడదీయకుండా వచ్చిందే, ఆ పాతది. సగం దాకా తన కాగితాల కత్తితో కోసుకుని చదివి ఆస్పత్రికి పోయింది. 'నేను చదవడం అయ్యాక కొట్టు మీ ఇష్టం' అంది. ఏడాదిగా అలాగే పడుంది. నువ్వు బేరం పెట్టిన దగ్గర్నుంచీ రోజుకి రెండేసి ఆకులు తెగుతున్నాయి. నీ కళ్లతో నువ్వే చూశావు."

"చూశాను."

"భయం లేదూ?"

"నిన్ను చూసి భయమెందుకక్కా?"

"నన్నా?"

"ఎలక కొరికినట్టున్నాయి అంచులు. దేంతో కోశావు, దువ్వెనతోనా?"

"నేనెందుకు కోస్తానే!"

"చెప్పు."

"స్కేలుతో."

"బాగుంది."

"మరేం చెయ్యను! చెబితే వింటావా? కొట్టు అమ్మేస్తే అదెక్కడ కూర్చుంటుందే?"

"మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత తర్వాత... తలుపు తియ్యగానే ముందు అదే చూసేదాన్ని. సరేగానీ, నిన్న ఎన్ని కోశావు?"

"నిన్న నేను రాలేదుగా. మోకాలు పట్టేసి మంచం దిగలేదు."

"ఒట్టు?"

"ఒట్టే. ఏం?"

"ఇలా రా. ఇదిగో, ఇక్కడిదాకా నీవి. ఇప్పుడు వీటి తర్వాతవాటి అంచు మీద వేలు పెట్టి చూడు."

"అబ్బ, ఎంత నున్నగా... నువ్వు కోశావా?"

"దేంతో కొయ్యను? దాని కత్తి..."

"అవును. కత్తి దానితోనే పంపించేశాం. నేనే గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాను."

"పుస్తకం నువ్వు పట్టుకో అక్కా. మిగతా ఆకులు నేను తిప్పుతాను."

"చివరిదాకా కోసేసిందా? చదివేసిందా?"

"లేదు. ఒక్క ఆకు వదిలేసింది. చివరిది."

"ఎవరో తలుపు కొడుతున్నారే. అతనే అయ్యుంటాడు."

"తాళాలు నీ కొంగున కట్టుకో. చదవడం ఇంకా అవలేదని చెప్పు."