ముందుగా తినే కూర

“సొరకాయ కూర ముట్టలేదేంట్రా? కామెర్లు గానీ వచ్చాయా?”

బెజవాడలో ఉద్యోగంలో చేరబోతున్న కొడుకును దిగబెట్టడానికి బయల్దేరిన తల్లి, నందిగామ బస్టాండు హోటల్లో వాడి విస్తరి చూసి కంగారుగా అడిగింది.

“నాకేం కాలేదమ్మా. నువ్వు తిను.”

“ఇంట్లో ముందు అదే ఖాళీ చేసేవాడివి. నీకిష్టమని వారానికి మూడుసార్లు వండా. నోరు చేదుగా ఉందా? ఏదీ, కళ్ళు చూపించు.”

“తెల్లగానే ఉన్నాయిలే.”

“ఉద్యోగం వద్దు, ఏం వద్దు. లే, చిల్లకల్లు బస్సెక్కి ఇంటికి పోదాం.”

ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. అతడు సాంబారన్నం కలుపుతూనే ఉన్నాడు. వడ్డించేవాడు వచ్చి మజ్జిగ పోసి వెళ్ళాడు.

కొడుకు సొరకాయ కూరను విస్తరి అంచుకు జరిపాడు.

“నచ్చనిది ముందు తినేస్తే పీడా పోద్దని తినేవాణ్ణమ్మా. ఖాళీ అయిందని నువ్వు మళ్ళీ వేసేదానివి.”