స్టాంపింగ్ అక్కర్లేని దీవి

ప్యూర్టోరికో హోటల్ బాల్కనీలోంచి ఆమె వానకేసి చూస్తోంది. భర్త పదోసారి ఫోన్ తీశాడు.

"జూన్‌లో ఇక్కడ వానలని తెలిసే బుక్ చేశావా?" అందామె.

"అమెరికా దాటక్కర్లేదని చేశాను. తిరిగెళ్లేటప్పుడు వీసా గొడవుండదు."

"మన వీసా స్టాంపింగ్ జనవరిలోనే అయిందిగా! వేరే దేశమైనా అరూబా దీవికి వెళ్దామన్నది నువ్వే."

"ఎందుకొచ్చిన రిస్క్?"

"జాబ్ ఉన్నవాడికి రిస్కేంటి?"

అతను మళ్లీ ఫోన్ వైపు తల దించాడు. ఆమె ఫోన్ లాక్కుంది. అన్నీ రిక్రూటర్ల మెయిళ్లే.

"ఎప్పుడు పోయింది?"

"పంతొమ్మిది రోజులైంది."

"వీసా పోకుండా ఇంకో జాబ్ వెతుక్కోడానికి మనకుండేది అరవై రోజులే! అందులో నాలుగు ఇక్కడ నీళ్లపాలు చేశావా?"

"ఏడాదిగా సముద్రం, సముద్రం అంటున్నావు. మళ్లీ ఈ దేశంలో ఉంటామో లేదోనని..."

ఆమె ఫోన్‌ని మంచం మీదికి విసిరి, తలుపు తీసింది.

"అయితే పద, సముద్రానికి. వాన తగ్గేదాకా కూర్చునే టైం మనకి లేదు."