పేరు మిగిలిన ఫైలు

నిఘంటువు కార్యాలయంలో, సంపాదకురాలి బల్ల ముందు ప్రోగ్రామరు నిలబడి ఉన్నాడు.

"నిన్న పొరపాటున తీసేసిన ఫైలు వచ్చేసింది మేడమ్. చేసిన ప్రతి మార్పునూ రాసి ఉంచే ప్యాచ్ ఉంటుంది కదా, ఆ తొలగింపు ప్యాచ్‌ను వెనక్కి తిప్పాను."

"తెరిచి చూశావా నాయనా? ఖాళీగా ఉంది."

"ప్యాచ్‌లో ఫైలు పేరొక్కటే ఉంది. పోయేదానికి లోపలి పాఠమంతా మొయ్యడమెందుకని, ఆ ఆప్షన్ నేనే పెట్టాను."

"ఇల్లు కూల్చి పేరుపలక దాచావన్నమాట. మూలప్రతి ఉన్న పాత సర్వరు?"

"ప్యాచ్‌లున్నాయి కదా అని నిరుడే తుడిచేశాం."

"అందులో పడవలు చేసేవాళ్ల మాటలు నాలుగు వందలు. చెప్పిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన్ని ఏ ప్యాచ్‌తో వెనక్కి తిప్పుతావు?"

"తప్పయింది మేడమ్. ఆ ఆప్షన్ ఇప్పుడే పీకేస్తాను."

"ఆగు. ఏం పీకుతున్నావో ముందు పొల్లు పోకుండా రాసుకో. తరవాత పీకు."