పంటి గాట్లు

ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్పులో రుఆబాంధా సెక్టారు క్వార్టరు, వెనక వరండా. జగ్గయ్య పోయి నెల దాటింది. ఆయన విసురువల ముందేసుకుని భార్య నూకరత్నం, కొడుకు రవికాంత్ దాని అంచున ఉన్న పాత సీసం గుండ్లు సబ్బునీళ్ళతో తోముతున్నారు.

“గ్లౌజులేసుకో అమ్మా. ఆ తెల్లపొడి విషం.”

“నాకేటవదు. నువ్వేసుకో.”

“ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకు మరి.”

“కళ్ళలో ఏటుందని తుడుచుకోడానికి.”

“నరసింగరావు చాచా ఎప్పుడొస్తానన్నారు?”

“సాయంత్రం. రిసాలి నుంచి రావాలి కదా. మీ నాన్న తోడు లేకపోయినా చేపలకి చెరువుకెళ్ళడం మానలేనన్నాడు. వల అడిగితే తీసుకెళ్ళమన్నాను.”

“నన్నడక్కుండానా?”

“నువ్వు విసురుతావేటి?”

“విసరను.”

“మరింకేటి. తోము.”

“అమ్మా, ఇటు చూడు. ఈ గుండు మీద గాట్లు. దీని మీదా ఉన్నాయి.”

“పాతవి. గట్టిగా రుద్దు, పోతాయి.”

“రుద్దుతానా! పంటి గాట్లివి. సీసం తాడుకి తొడిగి, పళ్ళతో కొరికి మూస్తారు కదా? నాన్నవి.”

“పట్టకారుతో నొక్కినవేమో.”

“పట్టకారు గాటు ఇలాగుంటుందా? ఫిట్టరుకి చెప్తావేటి!”

“అబ్బో, ఫిట్టరు.”

“నేను నందిని సున్నపురాయి గనిలో డ్యూటీలో ఉండగా పోయారు, కబురు ఆలస్యంగా అందింది. నేనొచ్చేసరికి బూడిదే. మొహం చూడ్డం కూడా దక్కలేదు నాకు.”

“మండే ఎండ. అందరూ తొందరపెట్టేశారు రా.”

“నిన్ననట్లేదు. ఆయన నోరు తగిలిన వస్తువు ఇదొక్కటే మిగిలింది, అంతే.”

“వల ఇచ్చేద్దాం, బాబూ.”

“వల ఇచ్చెయ్. ఈ కొరికినవి కొన్ని విప్పుకుంటాను. చాచాకి కొత్తవి నేనే వేసిస్తాను.”

“ఏం చేస్తావు వాటిని?”

“దాచుకుంటాను.”

“సరే, దాచుకో. ఏ డబ్బాలోనో.”

“డబ్బా ఏటి! కడిగి పసుపు రాసి దేముడి గూట్లో పెడతాను. అప్పన్న పటం పక్కన.”

“వొద్దు.”

“ఏం?”

“వొద్దన్నాను. విషమన్నావు కదా.”

“దేముడికేం విషం?”

“పోనీ, బీరువాలో పెట్టుకో. తాళమేసుకో. ఎవరూ ముట్టుకోరు.”

“రోజూ ఆ గూటికి దణ్ణం పెట్టే డ్యూటీకెళ్ళిన మనిషి. ఆయన గుర్తు అక్కడుంటే తప్పేటి? పళ్ళెం ఇలా తే.”

“రవీ. కూర్చో.”

“పసుపెక్కడ పెట్టావు?”

“కూర్చోమన్నాను. మీ నాన్నకి పెళ్ళినాటి నుంచీ పళ్ళ సలుపు. చల్లనీళ్ళు తాగడానికే భయపడేవోరు. ఆయన తాడు పట్టుకునేవోరు, అంతే.”

“అయితే?”

“అయితే ఏటి... నా ఎంగిలి దేముడి ముందు పెడతావేట్రా?”