బావ చదివిన పుస్తకం

భర్తల చేతుల్లో నలిగిపోయిన ఆడవాళ్ళ గురించి చెల్లెలు రాసిన మూడో పుస్తకం ఈమధ్యే వచ్చింది. చెప్పాపెట్టకుండా దిగిన అక్క ఆమె వంటగదిలో కుర్చీ అంచున కూర్చుంది.

“మీ బావ నీ పుస్తకం చదివారే.”

“మొత్తం చదివాడా?”

“ఆఖరి పేజీ దాకా. టీవీ కూడా పెట్టలేదు.”

చెల్లెలి చేతిలో గరిటె ఆగిపోయింది.

“గుర్తుపట్టాడా? నిన్నేమైనా చేశాడా?”

“లేదు. పెళ్ళాం చేతి మీద ఇస్త్రీపెట్టె పెట్టినవాడున్నాడు చూడు, వాణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టి తన్నాలన్నారు. ఇలాంటి వెధవలు కూడా ఉంటారా అని బాధపడ్డారు. ఆ పూట సరిగ్గా అన్నం కూడా తినలేదు.”

“అక్కా, అది నువ్వు చెప్పిందే. ఒక్క మాట కూడా మార్చలేదు నేను.”

“తెలుసు. చదువుకున్నాను.”

“నీకు ఒళ్ళు మండలేదా?”

“భయమేసింది. తను చేసేదేమిటో ఏదో ఒకరోజు ఆయనకే తెలిసొస్తుంది, అప్పుడు మానేస్తారు అనుకుంటూ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. అంత వివరంగా రాసింది చదివి కూడా ఆయనకు తెలియలేదే. ఇంక నేను దేనికోసం చూడాలి?”

చెల్లెలు పొయ్యి ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది.

“ఇక్కడికి వస్తున్నట్టు చెప్పావా?”

“లేదు. కూరలకని వచ్చేశాను. నన్ను ఉండనిస్తావా?”

“అదేం మాట? ఎన్నాళ్ళైనా ఉండు.”

“ఎన్నాళ్ళో నాకూ తెలియదు. ముందు వెళ్ళి ఆ వీధి తలుపు గడియ పెట్టిరా.”