దీవిలో మనుషులు: లేరు

విచారణ గది బయట వరండా, పొద్దున పదకొండు. బెంచీ మీద ఇద్దరు: దీవిలో దీపస్తంభానికి ఇరవై ఆరేళ్ళు కాపలా కాసి పదేళ్ళ కిందట పనిలోంచి దిగిపోయిన ముసలాయన, ఆ దీవి బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ. తలుపు దగ్గర నంబర్లు పిలిచే బంట్రోతు.

"అది కాదు పెదనాన్నా, నా మొహం చూసి చెప్పు. లోపల అడిగితే ఏమంటావ్?"

"ఏమంటాను... ఉన్నదున్నట్టు అంటాను."

"ఉన్నదంటే? పుస్తకంలో ఉన్నదా, దీవిలో ఉన్నదా?"

"మెల్లగా తల్లీ. బంట్రోతు వింటున్నాడు."

"విననీ! నువ్వు రోజూ రాసిన దీపస్తంభం పుస్తకం హోటలు కంపెనీ వకీలు చేతిలో ఉంది. పోయిన వాయిదాలో చదివి వినిపించాడు. దీపం వెలిగించిన వేళ ఇంత. గాలి ఇటునుంచి. దీవిలో మనుషులు, లేరు. మర్నాడు, లేరు. ఆ మర్నాడూ లేరు. ఇరవై ఆరేళ్ళు పెదనాన్నా, ఒక్క రోజు తప్పకుండా!"

"ఉన్నారని రాస్తే వారం తిరక్కుండా మిమ్మల్ని తరిమేసేవాళ్ళే. దీవంతా దీపస్తంభం స్థలం, బయటివాళ్ళు ఉండకూడదని రూలు. మీ తాత నా గడ్డం పట్టుకుని బతిమాలాడు."

"నీ చలవ వల్లే ఉన్నాం. కాదన్నానా? కానీ ఇప్పుడా హోటలు కంపెనీ ఏమంటోంది? ఖాళీ దీవి, వీళ్ళు మొన్న మొన్న వచ్చి వాలారు, లేపేయండి అంటోంది. నలభై గడపలు! మా తాత తవ్విన బావి నీకు తెలీదా?"

"ఆ నీళ్ళే తాగి బతికాను. తెలీకేం."

"మరి ఆ ముక్కే చెప్పు. మనుషులున్నారు, లేరని నేనే రాశాను అను. అంతే."

"పింఛను పీకేస్తారే."

"పీకనీ. నలభై ఇళ్ళున్నాయి. ఇంటికో పూట తిన్నా ఎవరికీ బరువు కావు."

"నవ్వించకు."

"నవ్వట్లేదు నువ్వు. పింఛను కోసం జంకే మనిషివి కాదు. ఏంటి సంగతి?"

"ఏం లేదు."

"ఆ వెనక మెట్ల వైపు చూస్తావెందుకు?"

"గాలి కోసం."

"ఇందాక టీ తాగినప్పుడు అక్కర్లేదే గాలి!"

"ఇరవై రెండో నంబరు వాళ్ళు రండి! పంతులమ్మగారూ, తర్వాత మీదే. ఎక్కడికీ పోకండి."

"అలాగేనయ్యా. విన్నావా పెదనాన్నా? తర్వాత మనమే."

"విన్నాను. నేను పుస్తకం అబద్ధమంటే ఆ వకీలు ఊరుకుంటాడా? ఇంకేం అబద్ధాలు రాశావంటాడు."

"ఇంకేం రాయలేదను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఇంకేం రాయలేదను."

"ప్రమాణం చేయించి అడుగుతారమ్మా."

"అయితే? నువ్వు రాసినవి మూడే. మనుషులు, గాలి, దీపం. గాలి గురించి అబద్ధమెవరు రాస్తారు? ఇక..."

"వద్దు. ఆపెయ్."

"దీపం వెలిగించని రోజుందా?"

"ఒక్కటే. ఒకే ఒక్క రోజు. మీ బాబాయి పెళ్ళి. పోశారు, తాగాను. వద్దనలేదు నేను. ఒళ్ళు తెలీకుండా పడిపోయాను. తెల్లారి లేచి, వెలిగించానని రాశాను."

"బాబాయి పెళ్ళి... ఆ రోజేగా నాన్న సామాను తెస్తూ..."

"ఆ రోజే."

"వానలో దీపం కనపడక పడవ రాళ్ళకి కొట్టుకుని చనిపోయాడన్నారు."

"నాలుగు చినుకులే పడ్డాయి. పెద్ద వాన అన్నది నేనే. అందరూ నమ్మారు."

"ముప్ఫై ఏళ్ళు! ముప్ఫై ఏళ్ళుగా అమ్మ నిన్ను పిలిచి అన్నం పెడుతోంది. ఎలా తిన్నావు? ఎలా దిగింది నీకు?"

"దిగలేదే తల్లీ. ఏ ఒక్క ముద్దా దిగలేదు."

"నన్ను తాకకు."

"ఇరవై మూడు! దీపస్తంభం కాపలాదారుగారు ఎవరండీ? లోపలికి రావాలి!"

"వస్తున్నారు. ఒక్క నిమిషం."

"అమ్మా, నాకేం తోచట్లేదు. మాట్లాడితే నా పాపం బయటపడుతుంది. మాట్లాడకపోతే మీ ఇళ్ళు పోతాయి. పొమ్మను, ఆ వెనక మెట్లు దిగి పోతాను. మళ్ళీ నా మొహం చూపించను."

"లే."

"అది కాదే..."

"లేవమన్నానా! కర్ర పట్టుకో. ముందు నలభై ఇళ్ళ సంగతి చెప్పు. తర్వాత వకీలు అడిగినా అడక్కపోయినా దీపం సంగతి చెప్పు."

"చెబుతాను. ప్రమాణంగా చెబుతాను. మీ అమ్మకి మాత్రం ఇంటికెళ్ళాక మెల్లగా..."

"మెల్లగా ఏం లేదు. అమ్మ పొద్దుటి పడవకే వచ్చి లోపల ముందు వరసలో కూర్చుంది. వకీలు వంక కాదు, అమ్మ వంక చూసి చెప్పు."