అచ్చియ్యమ్మ గుండిగలో చద్ది

నూకరత్నం కాపరానికొచ్చి నాలుగు నెల్లయిందంట, అయినా ఆ పిల్ల గొంతు ఎలాగుంటాదో పక్కింటోళ్ళకి తెలీదంట. నోరు లేక కాదు. వాళ్ళత్త అచ్చియ్యమ్మ నోరే ఆ ఇంటికి సరిపోయేది. ఆ అచ్చియ్యమ్మ ఉంది చూశారూ, వంటలో ఆవిణ్ణి కొట్టిన మనిషి లేదంట ఆ కాలవ కింద ఊళ్ళల్లో. చేపల పులుసు పెట్టిందంటే వీధి చివరోళ్ళు ఉత్తన్నం ముందేసుకుని ఆ వాసనకే తినేసేవోళ్ళంట. నిజమో అబద్ధమో నాకు తెలీదు, మా అమ్మమ్మ చెప్పింది, నేను చెప్తన్నాను. వండటం వరకూ అంత గొప్ప మనిషి. వండింది మిగిలిందనుకో, అక్కడొచ్చేది తంటా. ఏ గిన్నె చేతికి దొరికితే అందులో పోసి మూతెట్టేసేది. తెల్లారేసరికి గబ్బు కొట్టేది. కొడితే ఏమనేదంటే, దిష్టి తగిలిందే అనేది. దిష్టంట! పొగలు కక్కే అన్నం తెచ్చి రేకుడబ్బాలో కుక్కి మూత బిగిత్తే దిష్టి తగలక ఏం తగుల్తాదీ?

ఇప్పుడు ఏమైందంటే, ఊడుపుల రోజులొచ్చినయ్. ఊరంతటికీ ఆడోళ్ళ ముఠా ఒకటే, పద్నాలుగు మంది. దానికి పెద్ద వీరాయమ్మ. వాళ్ళకో పద్ధతుంది. పొద్దున్నే గట్టు మీద కూచుని రైతింటోళ్ళు తెచ్చిన చద్ది తింటారు, తిన్నాకే మడిలో కాలెడతారు. చద్ది పాడైందనుకో, తగువుండదు, తిట్టుండదు, కోక దులుపుకుని పక్క రైతు చేలోకి పోతారు. మళ్ళీ నీ వంతు తిరిగొచ్చేసరికి తొమ్మిది రోజులు. తప్పంటారా? పాచిన కూడు తిని పొద్దుగూకేదాకా నడుం వంచి ఊడవమంటే మీరు ఊడుత్తారా? నిరుడు అచ్చియ్యమ్మ డబ్బా మూత తియ్యంగానే వాళ్ళలాగే లేచిపోయారంట. తొమ్మిదో రోజుకి నారు ముదిరిపోయింది. పండింది సగం పంట. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ నూకల జావ తాగారు. ఈ ఏడూ అలాగే అయిందనుకో, ఆ జావ కూడా ఉండదు. అందుకని అచ్చియ్యమ్మ కొడుకు సూరన్న, అదే మన నూకరత్నం మొగుడు, లేత్తే అదే మాట, కూచుంటే అదే మాట. అమ్మా, చద్ది జాగర్తమ్మా, చద్ది జాగర్తమ్మా అని.

అచ్చియ్యమ్మకి పౌరుషం జాస్తి. ఆలోచించింది, ఆలోచించి ఏం తేల్చుకుందంటే, తప్పు చద్దిది కాదు, డబ్బాది. రేకుడబ్బాలో పట్టుకెళ్తే కూలోళ్ళకి లోకువ కాదా మరి? ఈసారి దర్జాగా పట్టుకెళ్దాం అని, అటక మీంచి పుట్టింటోళ్ళు సారెలో పెట్టిన ఇత్తడి గుండిగలు దించింది. పెద్దదొకటి, చిన్నదొకటి. చింతపండేసి తోమింది, ఇటుకపొడేసి తోమింది, మూడ్రోజులు తోమింది. బయట తోమింది, ఊరుకుందా? లోపల కూడా తోమిందండోయ్! ఇత్తడి గిన్నెకి లోపల తెల్లగా కళాయి ఉంటాది కదా, అదుంటేనే కదా మనం పులుపు పోత్తాం. ఆవిడేమో ఆ తెలుపంతా పాత మురికనుకుంది. గీకి గీకి ఒక్క మచ్చ లేకుండా తీసిపారేసింది. తీసేసి, చూడవే రత్తం, లోపల కూడా బంగారంలాగ వచ్చింది అని మురిసిపోయిందంట. నూకరత్నం వేలెట్టి చూసింది, కళాయి జాడే లేదు.

తెల్లారితే ఊడుపు. సూరన్న నారు పీకి కట్టలు కట్టి మడి గట్టునేసేశాడు. పీకిన నారు ఆగుతాదా? ఆగదు. ఆ రోజే ఊళ్ళో అమ్మవారి సంబరం కూడానూ. అచ్చియ్యమ్మ పొద్దున్నించీ పొయ్యి దగ్గరే. మర్నాటి చద్దికని కుంచెడు బియ్యం వండింది, కొర్రమీను పులుసు పెట్టింది. అబ్బ, ఆ పులుసు! ముక్క చెదరలేదు, పైన నూనె తేలింది, చింతపండు పులుపు, పచ్చిమిరపకాయ కారం. రేపు పొద్దున్నకి ముక్కకి పులుసంటి ఇంకా బాగుంటాది, మీకు తెలిసిందే. ఆవిడ గబగబా తెచ్చి అన్నం పెద్ద గుండిగలో పోసింది, నీళ్ళు పోసింది, పుల్ల మజ్జిగ పోసింది. పులుసేమో చిన్న గుండిగలో వంచింది. నూకరత్నానికి ఇక ఆగలేదు. నాలుగు నెల్లకి నోరిప్పింది. ‘అత్తా, దీనికి కళాయి పోయింది. పులుపు పోత్తే పచ్చగా కిలుం ఎక్కుతాదత్తా’ అంది. అంతే! ‘ఏటే, మా పుట్టింటి గుండిగకి వంక పెడతావా? మీ పుట్టింటోళ్ళు నీకేం పెట్టారే, మట్టి మూకుడా? ఆ గుండిగల్లో మా నాయనమ్మ నూరుగురికి వడ్డించింది’ అని ఎగిరిందంట. వడ్డించే ఉంటాది, కళాయి ఉన్నప్పుడు. ఆ మాట పిల్ల అనలేదు, నేనంటన్నాను. గుండిగలకి అరిటాకు మూతలేసి, పైన బట్ట వాసెన కట్టేసి, కొత్త కోక కట్టుకుని, సంబరంలో గరగలు నెత్తినెట్టుకుని ఆడే ఆట చూడ్డానికి చక్కా పోయింది అచ్చియ్యమ్మ.

ఇంట్లో నూకరత్నం ఒక్కతే. గుండిగలొంక చూత్తాది, గుమ్మమొంక చూత్తాది. తీత్తే అత్త చంపేత్తాది, తియ్యకపోతే నారు చచ్చిపోతాది. అత్త తిట్లు రెండ్రోజులుంటాయి, పంట లేని ఏడాది ఏడాదంతా ఉంటాది అనుకుని, కొంగు బిగించి లేచింది చూడూ! ఇక చేతులాగలేదు. ఇల్లంతా వెతికేత్తంది గిన్నెల కోసం. జాడీ తీసింది, అందులో ఆవకాయుంది. కొత్తకుండ తీసింది, మట్టివాసనేత్తాది, పక్కనెట్టింది. పెరటి చూరు కింద పాత మజ్జిగ కుండ బోర్లించుంది. వేలితో కొట్టింది, కణుక్కున మోగింది. ముక్కు దగ్గిరెట్టుకుంది, కమ్మటి పులుపు వాసన. ఇదీ చద్దికుండంటే! మరి పులుసుకీ? పులుసుకి రాచ్చిప్ప కావాలి. రాతిది దేంతోటీ పేచీ పెట్టుకోదు, పులుపు పోసినా ఉప్పు పోసినా అలాగే ఉంటాది. రాచ్చిప్ప ఏదీ? అటక మీద లేదు, వంటింట్లో లేదు. ఎక్కడుందనుకున్నారు? కోళ్ళ గూడు దగ్గిర, కోళ్ళకి నీళ్ళెట్టే చిప్పయిపోయి ఉంది! అయ్యో నా తల్లీ నీకీ గతి పట్టిందా అని, కోళ్ళని అదిలించి, బూడిదేసి తోమి, సలసలా కాగే నీళ్ళు రెండుసార్లు పోసి కడిగి, ఆరబెట్టింది.

వాసెనలిప్పింది. అన్నం ఇంకా సెగలు కక్కతంది. ముందు సగం తీసి నీళ్ళు వార్చి, అరిటాకుల మీద ఆరబోసి, విసనకర్రతో విసిరింది. చెయ్యెడితే చల్లగా తగిలాకే కుండలోకెత్తి చల్లనీళ్ళు, మజ్జిగ పోసి ఉట్టిలో పెట్టింది. పులుసు గరిటెతో ఒక్కో ముక్కా చెదరకుండా రాచ్చిప్పలోకి తీత్తంది. సగం తీసింది. అంతలో గరగల డప్పు వీధి మలుపులోకొచ్చేసింది. అత్తొచ్చేత్తంది! పాపం, ఆ పిల్లకి ధైర్యం సగానికే చాలింది. మిగతా సగం సగం గుండిగల్లో వదిలేసి, మూతలు యథాప్రకారం కట్టేసి, రాచ్చిప్పని తట్ట కింద బోర్లించి దాచేసింది. బోర్లించింది తట్టనండీ, రాచ్చిప్పని కాదు.

తెల్లారింది. అచ్చియ్యమ్మ పులుసు గుండిగ ఎత్తి, ఇదేటే తేలిగ్గుందీ అందంట. నూకరత్నం, ముక్కలు పులుసు పీల్చేసుంటాయత్తా అంది. ముక్కలు పీల్చుకుంటే బరువెక్కడికి పోద్దీ? ఆవిడకది తట్టలేదు, హడావిడిలో ఉంది. అత్త నెత్తిన పెద్ద గుండిగ, కోడలి నెత్తిన చిన్న గుండిగ. చేలగట్ల మీద పోతంటే ఎండకి అవి ధగధగలాడిపోతన్నాయంట. ముఠా ఆడోళ్ళు కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని, అమ్మవారి ఊరేగింపు నిన్ననే అయిపోలేదా ఏటే అని నవ్వుకున్నారు. అచ్చియ్యమ్మకి ఆ నవ్వు కూడా పొగడ్తలాగే వినపడింది. దించింది. మూత విప్పింది. వీరాయమ్మ ఒంగుని చూసింది. పులుసు చుట్టూ అంచునంతా ఆకుపచ్చగా కట్టుంది. వేలు ముంచి నాలిక్కి రాసుకుంది, తూ అని ఊసింది. చద్దిలో చెయ్యెట్టింది, అదీ అంతే. ‘లేవండే’ అంది. ఒక్కటే మాట. పద్నాలుగు మందీ లేచారు.

అచ్చియ్యమ్మ ఉన్నచోటే కూలబడింది. నోట మాట లేదు. ఆ నోట మాట లేకపోవడం ఊరు అదే మొదలు చూడ్డం. సూరన్న నారు కట్టల మధ్య నిలబడి ఏడవలేక చూత్తన్నాడు. అప్పుడు నూకరత్నం అడ్డమెళ్ళిందంట. ‘పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క ఆకు నమిలేంతసేపు ఆగు. ఇంకో చద్దుంది.’ వీరాయమ్మ ఆ పిల్ల మొహం చూసింది. చూసి, రొంటిన సంచి తీసి, ఆకులో సున్నం రాసి నోట్లో పెట్టుకుంది. ‘ఇది అయిపోయిందంటే మేం లేం’ అంది. ఇంకేం, పరుగే పరుగు! ముందు పెళ్ళాం, ఎనకాల మొగుడు. ఇక్కడ వీరాయమ్మ నములుతంది. అక్కడ నూకరత్నం ఉట్టి దించుతంది. వీరాయమ్మ ఆ దవడ నించి ఈ దవడకి మార్చింది. సూరన్న రాచ్చిప్ప ఎత్తాడు, అది బండ కదా, నడుం విరిగిపోతంది. గట్టు మీద బురద. జారాడు! చతికిలబడ్డాడు, కానీ రాచ్చిప్ప మాత్రం రెండు చేతులా నెత్తికి పైన పట్టుకునే కూచున్నాడంట, మగాడు! ఒక్క బొట్టు ఒలకలేదు. ‘లే మావా, లే, ఆకైపోతంది’ అని కుండ నెత్తినెట్టుకునే రెక్క పట్టి లాగింది. ఇక్కడ వీరాయమ్మ నమలడం ఆపింది. ఊయ్యడానికి పక్కకి తిరిగింది. తిరిగేసరికి ఎదురుగా నూకరత్నం, కొప్పూడిపోయి, ముక్కు మీద బురదతోటి.

కుండ దించారు. మూత తీత్తే పుల్లటి వాసన గుప్పుమంది. వీరాయమ్మ నోరు పుక్కిలించి, దొప్పలో ఇంత చద్దేసుకుని, ఒక చేప ముక్క నంజుకుంది. ఇంకో ముద్ద తింది. అందరూ ఆవిడ గొంతొంకే చూత్తన్నారు. మూడో ముద్ద మింగి, ‘కూచోండే’ అంది. అబ్బ, ఆ మాటకి సూరన్న నారు కట్టని కావలించుకున్నాడంట! ‘ఎవరే ఇది వండిందీ’ అనడిగింది వీరాయమ్మ. నూకరత్నం, ‘మా అత్తే పిన్నీ. ఆ గుండిగల్లోదీ ఈ కుండలోదీ ఒక్క వంటే. సగం నేను తీసి గిన్నె మార్చాను, అంతే’ అని నిజం చెప్పేసింది. చెప్పి, కళ్ళు గట్టిగా మూసుకుంది, ఇక దెబ్బ పడతాదని. అచ్చియ్యమ్మ లేచింది. కోడలి దగ్గిరికొచ్చింది. కొంగుతో ఆ ముక్కు మీద బురద తుడిచి, అరిచిందంట, ‘ఓసి నీ భయం తగలెయ్యా! తీసినదానివి అంతా తియ్యొద్దటే? అంత పులుసు సగం నేలపాలు చేశావు గదే!’ అని.

సగం చద్ది పద్నాలుగు మందికి ఏం సరిపోద్దని అడుగుతారేమో. సరిపోలేదు. ఒక్కోళ్ళకీ మూడేసి ముద్దలు. అయినా దిగారు, పొద్దుగూకేలోపు ఊడ్చేశారు. ఆనాటి నించీ ఆ ఇంట్లో వండటం అత్తది, మిగిలింది సర్దటం కోడలిదంట. పెళ్ళిచూపులకి నన్ను చూడ్డానికొచ్చినప్పుడు మా అత్తోరు పాటొచ్చా అనడిగారు. పాడాను. యాభై ఏళ్ళయింది, మళ్ళీ ఒక్కనాడు పాడమన్నోళ్ళు లేరు. మిగిలిన పులుసు దేంట్లో పెడతావే అని మాత్రం అప్పుడడగలేదు, పెళ్ళయ్యాక రోజూ దానికే తగువు.